ఆ ఇంకో ఇశ్రాయేలు

లంకపాడు, చల్లపల్లి మీదుగా
12 ఫిబ్రవరి 1976

ఒరేయ్ శౌరీ,

కవరు చింపి సంతకం చూసి ఉలిక్కిపడతావని తెలుసు. కాలేజీ వదిలాక నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. బద్ధకం తప్ప ఇంకే కారణమూ లేదు, నమ్ము.

మొన్న మీ నాన్న మా దొడ్లో గడ్డివామి సర్దుతూ, "మావోడు బెజవాడలోనే ఉంటన్నాడు చినబాబూ, బెంజి సర్కిల్ కాడ ఆఫీసంట, మిషనుకి లెక్కలు చెప్తాడంట" అన్నాడు. ఆ ముఖం నువ్వు చూడాల్సిందిరా! నాకు లెక్కలు చెప్పీ చెప్పీ విసుగొచ్చి మిషన్ని పట్టుకున్నావన్నమాట. అదైనా నాకంటే తొందరగా నేర్చుకుంటోందా?

ఇక్కడ మినుం తీత నడుస్తోంది. మా నాన్నగారికి మోకాళ్ళు పట్టేశాయి, పొలమంతా నా నెత్తినే పడింది. ఏదో భూముల పని మీ ఆఫీసుకొచ్చిందని చల్లపల్లిలో అనుకుంటున్నారు. నిజమేనా? తీరిగ్గా రాయి.

నీ
కోటేశ్వరరావు


విజయవాడ
20 ఫిబ్రవరి 1976

కోటేశ్వరరావు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. పెదబాబు గారి మోకాళ్ళ సంగతి విని బాధ కలిగింది. మా నాన్న నా గురించి కాస్త ఎక్కువ చేసి చెబుతాడు, మీరు పట్టించుకోకండి.

మీరు విన్నది నిజమే. సీలింగు చట్టం కింద పెద్ద రైతుల దగ్గర తేలిన మిగులు భూమిని లేనివాళ్ళకి పంచుతున్నారు కదా. ఎకరం కావాలని దరఖాస్తు పెట్టినవాడికి ఇప్పటికే ఎక్కడైనా భూమి ఉందేమో చూడాలి. గ్రామ లెక్కల్లో భూమి ఉన్నవాళ్ళ పేర్లు ఒక పక్క, దరఖాస్తుల పేర్లు ఒక పక్క. ఆ రెంటినీ పోల్చే పని మా ఆఫీసు ఒప్పుకుంది. ఇక్కడ అమ్మాయిలు పేర్లన్నీ అట్టకార్డుల మీద బెజ్జాలుగా కొడతారు. ఆ కార్డుల పెట్టెలు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు మెషీను దగ్గరికి వెళతాయి. మెషీను ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం మాత్రం నేను రాసింది. మా ఆఫీసరు సంజీవరావు గారు నా మీద నమ్మకంతో అప్పగించారు.

మీరు ఉత్తరం రాసినందుకు సంతోషం.

ఇట్లు
బాలశౌరి


లంకపాడు
1 మార్చి 1976

ఒరేయ్,

గారు ఏంట్రా గారు? గవర్నరుపేట హాస్టలు గదిలో నా చొక్కాలు వేసుకుని, నా పచ్చళ్ళు తిని, "కోటిగా, నీ బుర్రలో ఉన్నది ఊక" అన్నది ఎవడు? బస్సు చల్లపల్లి చేరేసరికి నీ నోటికి "బాబు" వచ్చేసేది. నాకప్పుడే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఉత్తరంలో కూడా మొదలెట్టావా? ఇంకోసారి గారు అన్నావంటే కవరు విప్పకుండా తిప్పి పంపిస్తా.

సరే గానీ, నాకొకటి అర్థం కాలేదు. మిషనుకి పేరు చదవటం వచ్చా? కట్టా ఇశ్రాయేలు అని ఒక కాగితంలో, కట్టా ఇశ్రాయేలు అని ఇంకో కాగితంలో ఉంటే రెండూ ఒకడేనని దానికెలా తెలుస్తుంది? మీ నాన్న పేరు ఊరికే నోటికొచ్చింది, రాశాను. ఇంకోటి. భూమి ఒకడి పేరున ఉండి సేద్యం ఇంకొకడు చేస్తుంటే అది కూడా కనిపెడుతుందా? ఇక్కడ పెద్దమనుషులందరూ ఆ మిషను పేరు చెబితే అమ్మోరి పేరు విన్నట్టు వణికిపోతున్నారు. నేను నవ్వుకుంటున్నా.

వివరంగా రాయి. నాకు చెప్పినట్టే చెప్పు, ఊక బుర్రకి.

కోటి


విజయవాడ
9 మార్చి 1976

ఒరేయ్ కోటిగా,

సరేనా? ఇలా రాయడానికి నాకెంత ధైర్యం కావాల్సి వచ్చిందో నీకు తెలియదు. రాశాక మాత్రం గుండె తేలికపడింది. ఈ ఊళ్ళో నన్ను ఒరేయ్ అనేవాడు ఒక్కడూ లేడు.

చెబుతా విను. మెషీనుకి పేరు అక్కర్లేదు, అంకె కావాలి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా పెడతాం. ఏకి ఒకటి, బీకి రెండు, అలా ప్రతి అక్షరానికీ ఒక అంకె. మొదటి అక్షరం అంకెని ముప్ఫై ఏడుతో గుణించి రెండో అక్షరం అంకె కలపాలి. వచ్చినదాన్ని మళ్ళీ ముప్ఫై ఏడుతో గుణించి మూడోది కలపాలి. ఊరిపేరు చివరి అక్షరం దాకా ఇదే పని. వచ్చిన కొండంత సంఖ్యని కోటికి కాస్త తక్కువైన ఒక ప్రధాన సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషం ఉంటుంది చూడు, అదే ఆ మనిషి నంబరు. అంత పొడుగు పేరూ ఏడంకెల్లోకి వచ్చేస్తుంది. రెండు పక్కలా అదే నంబరు కనబడితే దరఖాస్తు కొట్టేస్తుంది. ఇంత వేగంగా తేల్చడం ఇంకెవరి వల్లా కాలేదని సంజీవరావు గారు మెచ్చుకున్నారు. కాస్త గొప్పలు పోతున్నాను, క్షమించు.

పేరు నుంచి నంబరు ఎప్పుడైనా కట్టవచ్చు, కాగితం మీద నేనే కట్టగలను. నంబరు నుంచి పేరు మాత్రం రాదు. బియ్యప్పిండి చూపించి ఏ చేలో పండిందో చెప్పమంటే చెప్పగలవా? అలాంటిదే. ఇందులో ఒక లోపం ఉంది, నీకు గనక చెబుతున్నా. అప్పుడప్పుడు సంబంధం లేని ఇద్దరి పేర్లు ఒకే నంబరు మీద పడతాయి. జిల్లా మొత్తం మీద పాతిక దాకా అలా పడొచ్చని నా అంచనా. కార్డులు తీసి పేర్లు సరిచూడాలని అడిగాను. టైం లేదన్నారు. ఎమర్జెన్సీ రోజులు, పైనుంచి రోజూ ఫోన్లు.

ఎవరి పేరున ఉండి ఎవరు సేద్యం చేస్తున్నారో దానికి తెలియదు. కాగితం మీద పేరు ఏదుంటే అదే దాని లోకం.

ఇంకో సంగతి. నాన్న చేత కూడా దరఖాస్తు పెట్టించాను. డ్రైను పక్కన తేలిన మిగులు చేలో ఎకరం. కుర్రతనం నుంచి ఆ చేలో నాగలి పట్టింది ఆయనే కదరా. తనదంటూ ఒక్క గట్టు మీద కూర్చుని అన్నం తినాలని ఆయనకి ఎంత ఆశో నీకు తెలియనిది కాదు. ఆయన నంబరు నేనే కట్టాను, 4061729. "నా పేరు కంటే బాగుందిరా, పిలవడానికి మాత్రం పొడుగు" అని నవ్వాడు. ఆ ఎకరం వస్తే నేను చదివిన చదువుకి అర్థం ఉందనుకుంటాను.

నీ
శౌరి


లంకపాడు
20 మార్చి 1976

శౌరీ,

ఉత్తరం అందింది. నీ లెక్క సగం అర్థమైంది, సగం కాలేదు. తెలివిగలవాడివి, ఒప్పుకున్నా.

మీ నాన్న చేత దరఖాస్తు పెట్టించేముందు నాతో ఒక్క మాట అనాల్సింది. తొందరపడ్డావు. ఎకరం కోసం ఆ పెద్దాయన తాలూకా ఆఫీసు మెట్లెక్కాలా? మేం లేమా? ఇంకా టైముంటే వెనక్కి తీసుకోమని చెప్పు. మా చేలో ఓ పక్క చూపిస్తాం, చేసుకుంటాడు. కాగితాలెందుకు మన మధ్య?

చల్లపల్లి బస్సులో మినుములు పంపిస్తున్నా, క్లీనరు నీ ఆఫీసుకి తెచ్చిస్తాడు. సున్నుండలు చేయించుకో.

కోటి


విజయవాడ
6 మే 1976

కోటీ,

దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. మీ చేలో ఓ పక్క చూపిస్తానన్నావు, నీ మంచితనం. నాన్నకి కావలసింది తన పేరున. అందుకే నీ ఉత్తరానికి జవాబు రాయలేకపోయాను.

ఇవాళ హైదరాబాదు నుంచి కొట్టేసిన నంబర్ల కాగితం వచ్చింది. మూడో పేజీలో ఉందిరా. 4061729. నా కళ్ళని నేను నమ్మలేదు. కాగితం తీసుకుని నాన్న పేరు మొదటి అక్షరం నుంచి మళ్ళీ కట్టాను. అదే వచ్చింది. అంటే భూమి ఉన్నవాళ్ళలో కూడా ఎవడిదో అదే నంబరు. ఎవడో తెలుసుకుందామంటే కార్డులు హైదరాబాదులో పెట్టెల్లో కట్టేసి ఉన్నాయి. నా దగ్గరున్నవి అంకెలు. వాటిలోంచి పేరు రాదని నీకు గొప్పగా రాశాను కదా, ఇప్పుడు తల బాదుకుంటున్నాను.

నా చేతులతో రాసిన ప్రోగ్రామే మా నాన్నని భూస్వామి అంటోంది. మా ఇంటికప్పు తాటాకు కూడా మీ తాటితోపులోదేనని దానికి ఎలా చెప్పను? అభ్యంతరాలకి పదిహేనో తేదీ దాకానే గడువు. కరణం గారితో నీకు చనువుంది. నాన్న పేరున లెక్కల్లో పొరపాటున ఏమైనా ఉందేమో కనుక్కుని వెంటనే రాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

శౌరి


లంకపాడు
9 మే 1976

ఒరేయ్ పిచ్చోడా,

కాళ్ళు పట్టుకోవటం ఏంట్రా? కరణం గారిని నిన్ననే అడిగాను. నా ఎదురుగానే లెక్కలన్నీ తిరగేశారు. మీ నాన్న పేరున సెంటు భూమి కూడా లేదు. ఉంటే నాకు తెలియదూ?

నువ్వే రాశావు కదా, సంబంధం లేని ఇద్దరు ఒకే నంబరు మీద పడతారని. ఇదీ అదే. మైలవరం పక్క ఎక్కడో ఏ రత్తయ్యో ఏ మాణిక్యమో మీ నాన్న నంబరు మీద వచ్చి పడ్డాడు. దానికి ఇంత ఏడుపా? అభ్యంతరం పెట్టేదేదో గట్టిగా పెట్టు. ప్రోగ్రాం రాసినవాడివి నువ్వే, నీ మాటకి తిరుగుండదు. "ఆ నంబరు మీద భూమి ఉన్న మనిషి వేరు, మా నాన్న వేరు" అని నీ సంతకంతో రాసిచ్చెయ్. "ఏమో", "కావచ్చు" లాంటి మాటలు పెట్టకు, ఆఫీసర్లకి అనుమానం వస్తుంది. ఒక నకలు నాకూ పంపు, కరణం గారికి చూపించి ఇక్కడ పని నేను జరిపిస్తా.

ధైర్యంగా ఉండు. నేనున్నా.

కోటి


విజయవాడ
18 మే 1976

కోటీ,

రాసిచ్చాను. నువ్వు చెప్పినట్టే గట్టిగా రాశాను. "4061729 నంబరుపై భూమి గల వ్యక్తియు, దరఖాస్తుదారుడైన నా తండ్రి కట్టా ఇశ్రాయేలును వేరువేరు మనుష్యులు. ఈ సంగతి నేనెరుగుదును. పొరపాటు నా ప్రోగ్రాముది." నకలు ఇందులో పెడుతున్నాను.

సంజీవరావు గారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీ లెక్క తప్పని నువ్వే రాసిస్తే ఇంక నీతో లెక్కలేంటయ్యా?" అన్నారు. కొట్టేసిన నంబర్లన్నీ మళ్ళీ ఊరూరి కరణాలకే పంపేస్తున్నారట, వాళ్ళు చెప్పిందే ఖాయం. నా పని ఇంకొకరికి ఇచ్చారు. ఇప్పుడు అమ్మాయిలు కొట్టిన కార్డుల్లో బెజ్జాలు సరిగా పడ్డాయో లేదో చూస్తున్నాను. కాగితాలు మోసే జవాను కూడా నన్ను చూసి నవ్వుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోతున్నానురా.

పోనీ. నాన్నకి ఎకరం వస్తే చాలు. నువ్వు లేకపోతే నాకు దిక్కెవరు? ఈ సాయం మరిచిపోను.

శౌరి


లంకపాడు
2 జులై 1976

శౌరీ,

నాట్ల పనుల్లో ఊపిరాడటం లేదు. డ్రైను పక్క చేను పంపకం అయిపోయింది. కరణం గారు ఎంత ప్రయత్నించినా మీ నాన్న పేరు పడలేదు. అర్హులు ఎక్కువ, భూమి తక్కువ. మా ట్రాక్టరు నడిపే హనుమయ్యకి వచ్చింది, వాడికీ పిల్లలున్నారు కదా. మళ్ళీ పంచినప్పుడు చూద్దాం. మీ నాన్న బాగానే ఉన్నాడు. రోజూ పనికి వస్తున్నాడు.

కోటేశ్వరరావు


విజయవాడ
25 జులై 1976

కోటేశ్వరరావుకి,

పోయిన వారం కార్డుల పెట్టెలతో నన్ను హైదరాబాదు పంపారు. అక్కడి గోడౌనులో లంకపాడు పెట్టె వెతికి తీశాను. నాన్న నంబరు మీద వచ్చి పడ్డ ఆ మైలవరం మనిషి ఎవడో ఒక్కసారి చూడాలనిపించింది. కార్డు పైఅంచున చిన్న అక్షరాల్లో అచ్చుపడి ఉంది. ఇంటిపేరు కట్టా. పేరు ఇశ్రాయేలు. తండ్రి జక్కయ్య. ఊరు లంకపాడు. మాగాణి పదకొండెకరాలు.

మైలవరం ఎక్కడ? రత్తయ్య ఎక్కడ? నా ప్రోగ్రాం తప్పు చెప్పలేదు. తప్పు చెప్పింది నువ్వు.

బస్సెక్కి తిన్నగా ఇంటికి వెళ్ళాను. నీ గుమ్మం ముందు నుంచే వెళ్ళాను, నువ్వు లోపల ఉన్నావు. నాన్నని అడిగాను. "నాకు పదకొండెకరాలేంట్రా, ఎగతాళా?" అన్నాడు. చాలాసేపటికి గుర్తొచ్చింది. నన్ను డిగ్రీలో చేర్చిన ఏడు పెదబాబు గారు చల్లపల్లి తీసుకెళ్ళి, "నీ కొడుకు హాస్టలు కాగితాలు, ఇక్కడ వేలెయ్" అన్నారట. "నీ సదువు కోసం గదా అని ఎన్ని ఏలిముద్రలెయ్యమంటే అన్నేశానురా. సినబాబు గూడా ఉన్నాడు. సిరాడబ్బా పట్టుకుంది ఆయనే. ఏలు తుడుసుకోమని జేబుగుడ్డ గూడా ఇచ్చాడు" అన్నాడు. అది చెబుతున్నప్పుడు కూడా ఆయన గొంతులో నీ మీద ప్రేమే ఉంది.

ఆ తరవాత మూడేళ్ళు నా పక్కన కూర్చుని చదివావు. నీ పచ్చళ్ళు నాకు పెట్టావు. నీకు తెలుసు. మొదటి ఉత్తరం రాసినప్పుడూ తెలుసు. మా నాన్న పేరు "ఊరికే నోటికొచ్చింది" అన్నావు చూడు, అక్కడ నాకు అనుమానం రాకపోవడం నా వెధవతనం. ఏడేళ్ళ తరవాత నన్ను ఒరేయ్ అన్నందుకు పొంగిపోయి అంతా విప్పి చెప్పాను. ఒక్క పిలుపుకి అమ్ముడుపోయాను. థూ నా బతుకు!

ఇప్పుడు విను. కాగితం ప్రకారం ఆ పదకొండెకరాలు మా నాన్నవి. ఆ కాగితం రాయించింది మీరే. రేపటి నుంచి ఆయన ఆ మళ్ళలో దిగితే కూలికి దిగడు. ఏం చేస్తావో చేసుకో.

కట్టా బాలశౌరి


లంకపాడు
3 ఆగస్టు 1976

శ్రీ కట్టా బాలశౌరి గారికి,

తమరి ఉత్తరం చేరింది. కోపంలో రాశారని సరిపెట్టుకున్నాను.

నేనేమీ దేవుణ్ణని చెప్పలేదు. నాలుగు తరాలుగా మా వాళ్ళు చెమటోడ్చిన భూమి చట్టం పేరుతో పోతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేం. ఈ తాలూకాలో ఏ ఇల్లు వెతికినా ఇదే కథ. మీ నాన్నకి దానివల్ల ఒక్క ముద్ద తగ్గిందా? హాస్టల్లో మీకు సీటు వచ్చింది మా నాన్నగారి మాట మీద. అది అబద్ధం కాదు కదా. మీ మీద నాకు అప్పుడున్న స్నేహమూ అబద్ధం కాదు. నమ్మితే నమ్మండి.

ఇక భూమి సంగతి. ఆ పదకొండెకరాలు గల కట్టా ఇశ్రాయేలూ, మీ నాన్నా వేరువేరు మనుషులని, ఆ సంగతి తమకు తెలుసునని సర్కారుకి రాసిచ్చింది తమరే. నకలు నా దగ్గర భద్రంగా ఉంది. ఆ వేరే ఇశ్రాయేలు సోమవారం నాడు చల్లపల్లి వచ్చి, కరణం గారు గుర్తుపట్టగా, రిజిస్ట్రారు గారి ఎదుట వేలిముద్ర వేసి, భూమి సీలింగుకి లోబడిన మా బంధువుల పేరున అమ్మేశాడు. పని పూర్తయింది.

వేలిముద్రలు పోల్చమని కోర్టుకెళ్ళాలనిపించవచ్చు. అప్పుడు ముందుగా అడిగేది తమరినే, సొంత తండ్రి గురించి సర్కారు కాగితంలో అబద్ధం ఎందుకు రాశావని. ఉన్న ఉద్యోగమూ పోతుంది. పాత స్నేహం కొద్దీ చెబుతున్నాను.

మీ నాన్న పనికి రావచ్చు. నేనేమీ మనసులో పెట్టుకోను.

ఇట్లు
కోటేశ్వరరావు


లంకపాడు
10 ఆగస్టు 1976

కోటేశ్వరరావు గారికి,

మీ ఊళ్ళోనే కూర్చుని రాస్తున్నాను. మీ వాకిట్లో నిలబడి మాట్లాడటం ఇష్టం లేదు.

బెజవాడలో ఇద్దరు లాయర్లకి చూపించాను. ఇద్దరూ నా సంతకం దగ్గర వేలు పెట్టి తల అడ్డంగా ఊపారు. మీరు గెలిచారు. తప్పుడు మనిషిని తెచ్చి వేలు వేయించినందుకు మీకు నిద్ర ఎలా పడుతోందని అడగను. హాయిగానే పడుతుంది. "ఏమో", "కావచ్చు" పెట్టకు అన్న మాట మాత్రం గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

నిన్న అమ్మ అన్నం పెడుతుంటే మీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. అంతా చదివాను, దేన్నీ దాచలేదు. పదకొండెకరాల గురించి ఆయన ఒక్క మాట అనలేదు. డ్రైను పక్క ఎకరం గురించీ అనలేదు. మిమ్మల్ని కూడా ఏమీ అనలేదు, అంటాడని ఎదురుచూశాను. చెయ్యి కడుక్కుని, ఆ తడి చేతిని పంచెకి తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు.

"నేను నీ నాయన్ని గాదని నువ్వే రాసిచ్చావంటరా?"

అలా కాదు నాన్నా, నేను రాసింది నంబరు గురించి అన్నాను. పేరు నంబరు ఎలా అవుతుందో, రెండు పేర్లు ఒకే నంబరు మీద ఎలా పడతాయో మీకు చెప్పినట్టే మొదటి నుంచి చెప్పాను. అంతా విన్నాడు. "అర్థమైందిలే" అని లేచి, కొడవలి చూరులో దోపి, బయటికెళ్ళి మంచమేసుకున్నాడు.

ఇవాళ పొద్దున ఆయన పనికి వెళ్ళాడు. మీ చేలోకే. వద్దని నేను అనలేకపోయాను.

బాలశౌరి